వాయుమార్గమున జలపరీక్ష

సముద్రప్రవాహమును కొలువదలచినవాడు పూర్వము పడవయెక్కి, నీటిలో గొలుసుతో ఒక తేలుడుపీపానైనను దింపెడివాడు. అట్టి తడిపనులు నేడు పామరకృత్యములైనవి. 1987లో అమెరికా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులగు గోల్డ్‌స్టీన్, జెబ్కర్‌లు విమానమునకు ముందొకటి, వెనుకొకటిగా రాడారు యాంటెనాలను అమర్చి, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతముపై ఎగిరి, ఒకే నీటిని లిప్తపాటు వ్యవధిలో రెండుమారులు చిత్రించి, ఆ చిత్రముల దశాభేదము నుండి ఆటుపోటుల ప్రవాహవేగమును తేల్చితిమని ‘నేచర్’ పత్రికయందు ప్రకటించిరి. ఉపాయము ఘనమైనదే, దానిని వెక్కిరించువాడు మూఢుడు. మన వందనములకు పాత్రులు, ఆ వెనుక బయలుదేరి రాడారు ప్రవాహమును ప్రత్యక్షముగా చూచుచున్నదని ఉపన్యసించు భక్తశిఖామణులు.

రాడారు చూచునది ప్రవాహమును గాదు, గాలి లేపిన చిఱుతరగలను. 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యముగల రాడారు 45 డిగ్రీల వాలున చూచెనేని, దాని కిరణమును త్రిప్పిపంపునవి సుమారు 17 సెంటీమీటర్ల అలలు. వానికి నిశ్చలజలమునందును సెకనుకు అర మీటరు సొంతనడక కలదు. కొలువవలసిన ప్రవాహమో, పెక్కుచోట్ల అంతకంటె మందగామి! కదలు రథముపై పచారుచేయు పూజారి నడకను దూరమునుండి కొలిచి, ఇదియే రథవేగమని నిశ్చయించినట్లున్నది.

ఆ నడకను తీసివేయరాదా యందురా? తీసివేయవచ్చును. కాని తరగలు రాడారు వైపు వచ్చుచున్నవో, దూరముగా పోవుచున్నవో, రెండువిధములవియు కలసియున్నవో ముందు తెలియవలెను; అది తెలియుటకు గాలిపోకడ తెలియవలెను; గాలిపోకడ చెప్పుటకు, పాఠకులు క్షమింతురు గాక, పెక్కుమారులు నీటిపై ఆ తేలుడుపీపాయే గతి. గాలి బొత్తిగా పడిపోయెనా, నీరు అద్దమై చిత్రము నల్లబడును. ఆ దినమున ప్రవాహము సెలవు తీసికొన్నదని భక్తుల సిద్ధాంతము కాబోలు.

పైగా, ఒకమారు ఎగిరినందున చిక్కునది చూపు సాగిన దిక్కున వేగము మాత్రమే. అడ్డముగా పాఱు నీరు ఎంత ఉద్ధృతమైనను ఆ లెక్కలో నిలిచియున్నట్లే. కావున వేఱొక దిశను మరల ఎగురవలెను, లేదా రెండుదిశలను చూచు కిరణముల జంటను అమర్చవలెను. విమానము ఒరుగుదలను లెక్కించుటలో రవంత దోషము దొరలినను, అదియు సముద్రము పద్దుననే జమయగును.

ఇన్ని సవరణలు చేసి, తుదకు తేలుడుపీపా చెప్పిన అంకెతో సరిచూచుకొని, పిదప పీపాలకిక కాలము చెల్లినదని చాటుట శాస్త్రము గాదు, కృతఘ్నత. పటములపై ఎఱ్ఱబాణములు గీయు మహాశయులారా! గాలిపేర ఎంత త్రోసివేసితిరో, విమానముపేర ఎంత సవరించితిరో, ఆ బాణముల ప్రక్కనే అచ్చువేయింపుడు.