సెల్లు పోయిన సారుకు ఓదార్పు

ఫ్లెమింగో పండక్కి వచ్చి, భీములవారిపాళెం పడవలో నిలబడి సెల్ఫీ దిగబోయి, సెల్లు పులికాట్ సరస్సులో జారవిడిచిన సారూ! మీ కష్టం పగవాడికి కూడా వద్దు. ఈఎంఐలు సగం కూడా తీరలేదాయె. పైగా పొద్దున నేలపట్టులో గూడబాతులకు వీపు తిప్పి దిగిన ఫొటోలన్నీ అందులోనే పోయె. పక్షుల్ని చూసే పని కూడా ఫోనుకే అప్పజెప్పారు కాబట్టి, ఇప్పుడు మీరు నేలపట్టు వెళ్లనట్టే లెక్క.

పడవాయన మంచోడు. "ఏడవబాకండి సారూ, నడుం లోతు కూడా లేదు" అని దిగి కాళ్లతో తడిమాడు. నీళ్లు తక్కువే గానీ బురదకు కొదవా? ఎత్తిన కాలికల్లా నల్లటి ఒండ్రు వచ్చింది, సెల్లు రాలేదు.

సర్కారు మిమ్మల్ని వదిలేయలేదు. 2023లో సంచార్ సాథీ పోర్టల్ తెచ్చింది. 15 అంకెల ఐఎంఈఐ నంబరు కొడితే ఫోను బ్లాకవుతుంది, ఎవరైనా వాడితే ఆచూకీ దొరుకుతుంది. పోలీసులు రికవరీ మేళా పెట్టి, ఫొటో దిగి మరీ చేతికిస్తారు. చిక్కల్లా ఒక్కటే. దొంగయితే సిమ్ వేస్తాడు, బురద వేయదు.

అదే 2023లో ఛత్తీస్‌గఢ్ కాంకేర్ జిల్లాలో ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టరు ఇంకో దారి చూపించాడు. సెల్ఫీ దిగుతూ జలాశయంలో పడేసుకున్న ఫోను కోసం డీజిల్ మోటార్లు పెట్టి లక్షల లీటర్ల నీళ్లు తోడించాడు. ఫోను దొరికింది, పనిచేయలేదు. ఆయన సస్పెండయ్యాడు, రూ. 53,092 జరిమానా పడింది.

మీకంత ఖర్చెందుకు సారూ? చిలికా తర్వాత దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సును ఎండబెట్టే పని ఇక్కడ ఉచితంగానే జరిగిపోతోంది. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడింది. ఉత్తర భాగంలో ఎండాకాలం నీళ్లుండాల్సిన చోట దుమ్ము లేస్తుంది. జాలర్లు వలలు మడిచి కూలికి పోతారు. ఇంత నీరు మాయమైందని మాత్రం ఏ స్టేషన్లోనూ కేసు కట్టరు. పాపం, సరస్సుకు ఐఎంఈఐ లేదు కదా! కాబట్టి వచ్చేసారి పారేసుకోదలిస్తే ఉత్తరాన అటకానితిప్ప వైపు పారేసుకోండి. మే నెలలో చెప్పులేసుకుని వెళ్లి ఏరుకోవచ్చు.

మీకున్న ప్రమాదమల్లా ఒక్కటే. పూడిక తీస్తామని ప్రతి ప్రభుత్వమూ మాటిస్తోంది. అంచనాలు వేస్తారు, నిధులు ప్రకటిస్తారు. 2001లో పండగ మొదలయ్యాక పుట్టిన పిల్లలు ఓటర్లయ్యారు, ముఖద్వారం మాత్రం హామీల్లోనే ఉంది. పొరపాటున ఎవరైనా ఆ మాట నిలబెట్టుకుంటే సముద్రం లోపలికొస్తుంది, మీ సెల్లు గల్లంతవుతుంది. అంత ఘోరం జరక్కుండా చెంగాళమ్మ తల్లికి మొక్కుకోండి. ఇన్నేళ్లుగా ఎవరి మొక్కో ఫలిస్తూనే ఉంది.