వేలాడే బ్రేకర్‌కు గ్రీజు నైవేద్యం

దసరా వచ్చిందంటే మన పొక్లెయిన్‌లకు రాజభోగమే. బూమ్‌కు బంతిపూల దండ, అద్దానికి పసుపు కుంకుమ, చైన్ల కింద నిమ్మకాయలు, ఎదురుగా పగిలే గుమ్మడికాయ. ఇంత వైభవంలోనూ బొట్టుకు నోచుకోనిది ఒక్కటే, రాక్ బ్రేకర్ గ్రీజు నిప్పల్.

గ్రీజు కొట్టించరా అని అడిగితే ఓనర్‌గారికి పౌరుషం వస్తుంది. "రోజూ పొద్దున్నే కొట్టిస్తాం!" నిజమే, కొట్టిస్తారు. ఆపరేటర్ బూమ్ పైకెత్తుతాడు. చిసెల్ కిందికి జారి వేలాడుతుంది. హెల్పర్ గన్ పెట్టి చెయ్యి నొప్పెట్టేదాకా పంపు కొడతాడు. చిసెల్ జారినప్పుడు దానికీ పిస్టన్‌కూ నడుమ ఖాళీ వస్తుందని, బుష్‌కు చేరాల్సిన గ్రీజు అక్కడే కొలువుతీరుతుందని ఎవరికీ పట్టదు. తొలి దెబ్బకు పిస్టన్ వెళ్లి గ్రీజు ముద్దను గుద్దుతుంది. గ్రీజు నొక్కితే కుంచించుకుపోయే రకం కాదు. ఆ ఒత్తిడికి సీళ్లు చినుగుతాయి. సాయంత్రానికి ఆయిల్ కారుతుంటే, నకిలీ సీల్ అంటగట్టాడని షాపువాడికి తిట్లు.

మాన్యువల్ చెప్పేది వేరు. బ్రేకర్‌ను నిలువుగా నిలిపి, చిసెల్‌ను నేలకు అదిమి, ఇంజిన్ ఆపి, అప్పుడు కొట్టాలి. చిసెల్ పైకి వెళ్లి పిస్టన్‌ను ఆనుకుంటుంది. గ్రీజు బుష్ చుట్టూ దిగి కింది అంచున కనబడుతుంది. ఆ పుస్తకం మాత్రం సీటు వెనక ప్లాస్టిక్ కవర్ విప్పకుండా మడిగా ఉంది.

ఇక గ్రీజు ఎంపిక. బేరింగులకు వాడే మామూలు లిథియం గ్రీజు దాదాపు 190 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గ్రానైట్ మీద పనిచేసే చిసెల్ దగ్గర అది నిలవదనే రాగి, గ్రాఫైట్ పొడి కలిపిన చిసెల్ పేస్ట్ తయారుచేశారు. గ్రీజు జారిపోయినా ఆ పొడి ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా అడ్డుంటుంది. "దాని ధర చూశారా?" అని గుండె పట్టుకుంటారు. బుష్ అరిగి, చిసెల్ పక్కకు ఊగి, పిస్టన్ మొహం చిట్లాక వచ్చే బిల్లును మాత్రం దిష్టి ఖాతాలో రాసేస్తారు.

రెండు గంటలకోసారి కొట్టమన్నది తయారీదారుల సాధారణ సలహా. కోకాపేటలో రాతిని పగలగొట్టి సెల్లార్ దింపే సైటులో ఆ మాటెత్తి చూడండి. అక్కడ బాడుగ గంటల లెక్క. బండి ఆగితే ఓనర్ ఫోన్, సూపర్‌వైజర్ కేక. చిసెల్ కాండం ఎండిపోయి తళతళలాడుతుంటే, "కొత్తదానిలా మెరుస్తోంది" అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ మెరుపు గ్రీజు అందక ఒరుసుకుపోయిన లోహానిది!

చివరికి బ్రేకర్ మూలపడితే పంచాయితీ. తీర్పు ముందే ఖరారు: తప్పు ఆపరేటర్‌ది, కోత అతని జీతంలో. గ్రీజు డబ్బా ఉండేది ఓనర్ కారు డిక్కీలో, తాళం ఆయన జేబులో. అయ్యా, ఆ డబ్బానూ, పూటకు రెండుసార్లు బండి ఆపే అధికారాన్నీ ముందు అతని చేతికివ్వండి. తిట్టే హక్కు మీకు ఆ తర్వాతే వస్తుంది.