దోని గారి బేరం

ఫ్లోరెన్స్ నగరంలో అగ్నోలో దోని పేరున్న బట్టల వ్యాపారి. మిగతా విషయాల్లో ఎంగిలి చేత్తో కాకిని తోలడు గానీ బొమ్మలన్నా శిల్పాలన్నా పడిచచ్చేవాడు. వాటి దగ్గర మాత్రం డబ్బుసంచి విప్పేవాడు, అదీ నాలుగు రాళ్లు తగ్గించుకునే వీలుంటేనే. 1504లో స్ట్రోజీల ఇంటి ఆడపిల్ల మదలేనాను పెళ్లాడాడు. దంపతుల బొమ్మలు రాఫెల్ వేశాడు. అందులో దోని గారి వేళ్లకు ఉంగరాలున్నాయి. వాటినీ బేరమాడే కొని ఉంటాడని నా అనుమానం.

ఈయన మైకెలాంజెలో చేత ఒక తిరుకుటుంబం బొమ్మ వేయించుకున్నాడు. డేవిడ్ విగ్రహంతో మైకెలాంజెలో ఊరంతటి చేత ఔరా అనిపించుకున్న రోజులవి. చెక్క మీద ఆయన వేసి పూర్తి చేసిన బొమ్మల్లో నిస్సందేహంగా ఆయనదే అని చెప్పగలిగింది ఇదొక్కటే మిగిలిందంటారు. ఉఫీజీ మ్యూజియంలో ఉంది, 'దోని టోండో' అని కొన్నవాడి పేరు మీదే.

సుమారు నాలుగడుగుల గుండ్రటి బొమ్మ, టోండో అంటే అదే. మరియమ్మ నేల మీద కూర్చుంది, ఒళ్లో మూసిన పుస్తకం. చేతులు చూస్తే రోజూ బావిలో నీళ్లు తోడే మనిషివిలా కండ కట్టి ఉన్నాయి. వెనక యోసేపు. ఆమె భుజం మీదుగా బాలయేసు చేతులు మారుతున్నాడు. యోసేపు ఆమెకు అందిస్తున్నాడా, ఆమే ఆయనకు ఇస్తోందా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. నా కంటికి ఆమె అందుకుంటున్నట్టే ఉంది. ఇక వెనకాల, చిట్టి బాప్తిస్మ యోహానుకు అవతల, ఒంటి మీద నూలుపోగు లేని కుర్రాళ్లు కొందరు. భక్తిగా ఇంట్లో పెట్టుకునే బొమ్మలో వీళ్లకేం పని అంటే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. దోని అడిగినట్టు లేదు. ఆయన ధ్యాసంతా బొమ్మతో వచ్చిన ధర చీటీ మీద ఉంది.

ఆ చీటీ సంగతి కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాసిపెట్టాడు. ఆయన మైకెలాంజెలోకి వీరాభిమాని కనక కాస్త తాలింపు పడే ఉంటుంది. లెక్కలు ఆయనవి, మాటలు నావి.

బొమ్మ పూర్తయ్యాక మైకెలాంజెలో దానికి గుడ్డ చుట్టి మనిషి చేత పంపాడు. చీటీలో 70 డుకాట్లు అని ఉంది. అంతకన్నా ఎక్కువే చేస్తుందని దోనికి తెలుసు. అయినా ఒక బొమ్మకు అంత సొమ్ము పొయ్యడానికి చెయ్యి రాలేదు. 40 లెక్కపెట్టి ఇచ్చి, "ఇవి చాల్లే" అన్నాడు.

ఆ 40 పెట్టినవి పెట్టినట్టే వెనక్కి వచ్చాయి. పంపితే నూరు పంపాలట, లేదంటే బొమ్మ తిరిగిచ్చెయ్యాలట.

దోని గతుక్కుమన్నాడు. బొమ్మ వదులుకోలేడు, నూరూ ఇచ్చుకోలేడు. ఆలోచించి ఆలోచించి, పెద్దమనసు చేసుకుంటున్నట్టు ముఖం పెట్టాడు.

"సరే, మొదట ఆయన అడిగిందే ఇస్తానని చెప్పు. డెబ్బై."

మనిషి వెళ్లి వచ్చాడు.

"ఏమన్నారు? డెబ్బైకి ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారండీ. అయితే రెండు డెబ్బైలు పంపమన్నారు."