పెరిగితే ప్రళయం, పడితే ప్రకృతి

2023 జులైలో ఈ దేశపు ఏలికలకు టమాటా కనిపించింది. అంతకుముందూ పప్పులో, పచ్చడిలో ఉండేదే గానీ వారి కంటికి ఆనలేదు. నగరాల్లో కిలో రెండు వందలు దాటగానే ఆనింది. కేంద్ర సహకార సంస్థలు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్‌లు ఆగమేఘాల మీద మదనపల్లె, కోలారుల్లో సరుకు కొని ఉత్తరాదికి తోలాయి. ఢిల్లీ వీధుల్లో వ్యాన్లు నిలబెట్టి కిలో 90కి అమ్మాయి, తర్వాత 80కి, ఆపైన 70కి. మన రైతుబజార్లలో 50 రూపాయల టమాటా కోసం జనం బారులు తీరారు. ఆగస్టులో సాక్షాత్తూ ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లేచి, నేపాల్ నుంచి టమాటా తెప్పిస్తున్నామని పార్లమెంటుకు అభయమిచ్చారు. అంత చురుకైన ప్రభుత్వాన్ని చూసి మనసు నిండిపోయింది.

సెప్టెంబరులో ధర కూలింది. కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్లో రెండు నెలల కిందటి బంగారాన్ని రైతులు రోడ్డు మీద పారబోశారు. వ్యాన్లు రాలేదు. పార్లమెంటులో అభయం వినిపించలేదు. ధర పెరిగితే జాతీయ విపత్తు, పడితే గిరాకీ, సరఫరాల సూత్రం. మన పాలకులకు అర్థశాస్త్రం గుర్తొచ్చేది ఎప్పుడూ రెండో సందర్భంలోనే.

రైతుకు ఆశ ఎక్కువండీ, రేటు చూసి అందరూ ఒకేసారి నాటేస్తారు అని ఏసీ గదిలో ఒక పెద్దమనిషి విసుక్కుంటాడు. నిజమే. నారు నాటిన రెండున్నర నెలలకు కోత. జులైలో రెండు వందలు చూసి నాటిన చేలన్నీ కలిసే కాపుకొస్తాయి. కానీ ఏ ఊళ్లో ఎన్నెకరాలు వేశారో సర్కారు పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎక్కుతుంది కదా! అంటే సరుకు పోటెత్తబోతోందని రైతు కంటే ముందు ఆఫీసుకే తెలియాలి. తెలిసి ఏం చేశారని అడగకండి. నమోదు చేశారు, చాలదా?

ధర పడినప్పుడు ఆదుకోవడానికి మార్కెట్ జోక్య పథకం ఒకటుంది. రాష్ట్రం అడగాలి, కేంద్రం ఒప్పుకోవాలి. పండిన టమాటా నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. ఫైలుకు ఆ జబ్బు లేదు, ఎన్నాళ్లయినా నిలవ ఉంటుంది. ఎప్పుడైనా అధికారులు దిగి కొనుగోళ్లు మొదలుపెడితే మహద్భాగ్యం, కాకపోతే ఆ రోజు తూకాల కంటే ఫొటోలు ఎక్కువ పడతాయి. ఇక 2018-19 బడ్జెట్లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసమని ఆపరేషన్ గ్రీన్స్‌కు 500 కోట్లు ప్రకటించారు. ఆపరేషన్ అయింది. రోగి సంగతి పత్తికొండ రోడ్డును అడగాలి. అక్కడి ఎన్నికల సభలకు టమాటా ఫ్యాక్టరీ హామీ పాత అతిథి.

కొన్ని మార్కెట్లలో రైతు సరుకు నుంచి కమీషన్ గాక ‘జాక్‌పాట్’ అని మరో కోత ఉంది. జాక్‌పాట్ కొట్టేది ఎవరో వేరే చెప్పాలా? ఈ కోతలు, బాక్సుల కిరాయి, బండి బాడుగ, కూలి పోగా చేతికి చిల్లర కూడా మిగలని రోజు రైతు చేలోకి గొర్రెల్ని తోలతాడు. వాటికి మాత్రం కమీషన్ ఉండదు. మనం టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది 33 పైసలేనని రిజర్వ్ బ్యాంకు పరిశోధకులు 2024లో లెక్క తేల్చారు. మిగతా 67 పైసలు దారిలో దిగిపోతాయి. సాస్ సీసా ధర సరేసరి, టమాటా కిలో మూడు రూపాయలైన రోజున కూడా అది పత్తికొండ వైపు తొంగి చూడదు.

మనమేం తక్కువ తిన్నామా? రెండు వందలప్పుడు టమాటాకు లాకర్, పెళ్లికి టమాటాల రిటర్న్ గిఫ్ట్ అంటూ వాట్సాప్ నిండా జోకులు పంచుకున్నాం. పది రూపాయలైనప్పుడు బండివాడితో ఆరుకు బేరమాడి, రెండు కాయలు కొసరు వేయించుకుని, కొత్తిమీర ఊరికే ఇవ్వలేదని చిన్నబుచ్చుకున్నాం.

అయ్యా ఏలినవారూ, ధర పెరిగినప్పుడు తిరిగిన ఆ వ్యాన్లు ఇంకా నడుస్తూ ఉంటే, పడినప్పుడు కూడా ఒకసారి పత్తికొండ పంపించండి. కనీసం కూలి, కిరాయి గిట్టే ధరకు కొనండి. దారి తెలియకపోతే ఎవరినీ అడగక్కర్లేదు, రోడ్డు ఎర్రబడ్డ చోట ఆపితే చాలు.