కోతికి అడవి చిరునామా

వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె. 2015లో హరితహారంతోపాటు తెలంగాణ సర్కారు ఇచ్చిన నినాదమిది. వానలు ఏ ఏటికాయేడు తమకు తోచినట్టు పడుతున్నాయి. కోతులు మాత్రం కదల్లేదు. కొండముచ్చు ఫ్లెక్సీ కడితే రెండ్రోజులు జడిసి, మూడోనాడు దానిమీదే కూచుని పేలు చూసుకుంటున్నాయి. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి మనిషికి ఎలుగుబంటి వేషం వేయించాడు. సేద్యంలో కొత్త కొలువు పుట్టినందుకు సంతోషించాలి.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో రోడ్డు, మోరీ పక్కకు పోయి కోతులు హామీల్లోకెక్కాయి. గెలిచాక చేసేదేముంది? బోనుపెట్టి పట్టడం, రాత్రిపూట పక్కూరి చెరువుకట్ట మీద దించి రావడం. పక్కూరివాళ్లకూ బోను ఉంటుంది. ఈ లెక్కన మండలంలోని ఊళ్లన్నీ ఎంపీడీవోకన్నా కోతులకే బాగా తెలుసు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో తెరిచిన కేంద్రంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లైనా చేస్తున్నారు. మిగతావన్నీ రవాణా పథకాలే.

అడవికి పొమ్మంటారు సరే, ఏ అడవికి? మేడి, పరికి, తునికి ఉన్నచోట జామాయిల్ వరసలు నాటాం. జామాయిల్ ఆకు మేక కూడా ముట్టదు.

అయితే ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ అడవి ఉందిగా, అంటాడు ఊళ్లో ఒక పెద్దమనిషి. ఉత్తరాది రీసస్ కోతులే దక్షిణానికి జరుగుతూ మన కోతుల తావులు ఆక్రమిస్తున్నాయని 2011లోనే పరిశోధకులు రాశారు. ట్రాఫిక్ ఇటువైపు నడుస్తుంటే మనం అటువైపు బోర్డు పెట్టాం.

ఆ పెద్దమనిషే సెలవు దొరికితే భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ పోతాడు. జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయ 1982 నుంచీ జాతీయ పార్కు, సాలు చెట్లూ వెదురుపొదలూ దట్టంగా ఉన్నచోటు. మన నినాదం ప్రకారం కోతి చేరాల్సిన అసలు చిరునామా ఇలాంటిదే. అక్కడి తీరథ్‌గఢ్ జలపాతం మెట్ల మీద కోతులు పండ్లచెట్ల వంక చూడవు, వచ్చేవాళ్ల చేతిసంచుల వంక చూస్తాయి. మనవాడు ఆంజనేయస్వామీ అని దండం పెట్టి అరటిపండు విసురుతాడు, పిల్లలచేత కుర్‌కురే పెట్టిస్తాడు, ఫొటో దిగుతాడు. కోతి సంచి లాక్కోగానే స్వామి కాస్తా దొంగముండ అవుతుంది. చిప్స్ రుచి మరిగిన కోతి తునికి చెట్టు ఎందుకెక్కుతుంది? తిండి దండిగా దొరికితే మంద ఎందుకు పెరగదు?

ఇంటికొచ్చాక గ్రామసభలో లేచి నిలబడి సర్పంచిని నిలదీస్తాడు: “అడవిలో వీటికి తిండి దొరకట్లేదా?”

దొరుకుతోంది బాబూ, తమరి కారు డిక్కీలోంచే.