మా ఫ్రాక్షన్‌కి నేనే లీడర్

మా మిత్రుడిది జమ్మలమడుగు. జర్మనీ వెళ్లి ఇరవై మూడేళ్లయింది. హానోవర్ దగ్గర కాపురం. ఆ మధ్య ఓ సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే కూతురు బ్యాగు సోఫాలో పడేసి, "నాన్నా, మా ఫ్రాక్షన్‌కి నేనే లీడర్‌ని" అంది. మావాడి చేతిలో టీ ఒలికింది. ఏ గొడవలకు దూరంగా ఉందామని సముద్రాలు దాటొచ్చాడో అవే ఇంటికొచ్చాయనుకున్నాడు పాపం. "ఎవరితోనమ్మా తగాదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

తగాదా సైకిల్ దారికి దీపాలు లేవని. జర్మన్లు సభలో ఒక పార్టీ జట్టును 'ఫ్రాక్షన్' అంటారు. మన దగ్గర ఆ మాటలో ఒక 'ర' రాలిపోయి 'ఫ్యాక్షన్' అయింది, ఆ 'ర' స్థానంలో బాంబులు చేరాయి.

హానోవర్‌లో 'పొలిటిక్ త్సుమ్ ఆన్‌ఫాసెన్' అనే సంఘం ఉంది. 'చేత్తో తాకి చూసే రాజకీయం' అని చెప్పుకోవచ్చు. బడిపిల్లల చేత రెండు మూడు రోజులు నగరపాలన ఆట ఆడిస్తుంది. ఆట పేరు 'పింప్ యువర్ టౌన్'. ఊరిని సింగారించమని వాళ్ల ఉద్దేశం. ఆ పేరుతో మన ఊళ్లో బ్యానర్ కడితే పోలీసులొస్తారు. పిల్లలు జట్లు కడతారు, అసలు కౌన్సిలర్లు పక్కన కూర్చుని కిటుకులు చెబుతారు, ఆఖరున కౌన్సిల్ హాల్లోనే సమావేశం. ఈ అమ్మాయి దీపాల తీర్మానానికి అవతలి జట్టు పిల్లవాడు లేచి అడిగాడట: "డబ్బెక్కడిది?" అంతే, తీర్మానం కమిటీకి వెనక్కి వెళ్లింది. పద్నాలుగేళ్లకే పాలన మర్మం బోధపడింది.

అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటు పదహారేళ్లకే. ఈ పిల్ల అక్కడే పుట్టిన జర్మన్ పౌరురాలు, ఇంకో రెండేళ్లలో నిజంగానే ఓటు హక్కు వస్తుంది. నిరుడు దిగిన పక్కింటి పోర్చుగీసాయనకూ ఓటుంది, యూరోపియన్ యూనియన్ వాడు కాబట్టి. ఇరవై మూడేళ్లుగా పన్ను కడుతున్న మావాడికే లేదు. విదేశీయులకు ఓటివ్వాలని హాంబుర్గ్ చేసిన చట్టాన్ని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1990లోనే కొట్టేసింది. పౌరసత్వం తీసుకోవచ్చుగా అంటే, "మళ్లీ మనూళ్లో పొలం కొననివ్వరురా" అంటాడు. కొన్నదీ లేదు, కొనేదీ లేదు.

మన దగ్గరా ఆటలున్నాయి. 2025 నవంబరు 26న అమరావతిలో పిల్లలు మాక్ అసెంబ్లీ నడిపారు, ముచ్చటగానే ఉంది. నగరాల విషయంలో మాత్రం ఆ శ్రమ పిల్లలకు పెట్టలేదు. గడువు తీరేలోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగం 1993 నుంచీ చెబుతూనే ఉంది. విశాఖ కౌన్సిల్ గడువు 2012లో తీరింది. తర్వాతి ఎన్నిక 2021లో. ఆ మధ్య కాలమంతా అధికారులే ఊరు ఏలారు. 2012లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల తొమ్మిదికొచ్చేదాకా కార్పొరేటర్ అనే ప్రాణిని చూడలేదు. జర్మన్ పిల్లలది మూడు రోజుల ఆట, మనది తొమ్మిదేళ్లు సాగింది.

ఇదంతా మావాడు ఫోన్లో చెబుతుంటే వెనక నుంచి కూతురి గొంతు వినిపించింది. "నాన్నా, మీ జమ్మలమడుగులో ఫ్రాక్షన్ లీడర్లు ఎంతమంది?"

టీ చల్లారిపోతోందని ఫోన్ పెట్టేశాడు.