లాగ్ ఫైలులో పాస్‌వర్డ్: నమ్మకూడని ఆరు సలహాలు

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఇప్పుడు కంప్యూటరు అవసరం లేని పని తక్కువ. సచివాలయంలో దరఖాస్తులు, మీసేవలో సర్టిఫికెట్లు, రొయ్యల మేత కొట్లో బిల్లులు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. చెన్నై, బెంగళూరు కంపెనీల సర్వర్లను ఇంట్లో కూర్చుని చూసుకునే కుర్రాళ్లూ ఉన్నారు. ఈ పనులన్నిటి వెనకా ఎవరొచ్చారు, ఏమడిగారు, ఎక్కడ ఆగింది అని సర్వర్ ఒక చిట్టా రాసుకుంటుంది. అదే లాగ్ ఫైలు. పాస్‌వర్డ్ అందులో పడకుండా చూడడం గురించి కొత్తగా పనిలో చేరినవాళ్లకు చెప్పే మాటల్లో చాలావరకు తప్పులే. వాటిలో తరచూ వినబడేవి ఆరు.

1. "లాగ్ మన దగ్గరే ఉంటుంది, బయటివాళ్లకు కనబడదు."

ట్విట్టర్ లాగ్ కూడా వాళ్ల దగ్గరే ఉండేది. పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చే పని పూర్తికాకముందే అది లోపలి లాగ్‌లో ఉన్నదున్నట్టు పడుతోందని 2018 మే 3న ఆ సంస్థే ప్రకటించింది. 33 కోట్ల మందిని పాస్‌వర్డ్ మార్చుకోమంది. మరుసటి ఏడు మార్చిలో ఫేస్‌బుక్ సంగతి బయటపడింది. కోట్లాది పాస్‌వర్డ్‌లు అక్కడ మామూలు అక్షరాల్లోనే నిల్వ ఉన్నాయి. దానికి ఐర్లండ్ డేటా రక్షణ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో ఫేస్‌బుక్ యజమాని మెటాకు 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. లాగ్ చూసే వీలు ఎంతమంది ఉద్యోగులకు ఉంటే అంతమంది చేతుల్లో ఆ పాస్‌వర్డ్ ఉన్నట్టే. పైగా మనవాళ్లలో చాలామంది బ్యాంకుకీ, మెయిలుకీ, ఆన్‌లైన్ దరఖాస్తుకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు.

2. "హెచ్‌టీటీపీఎస్ ఉంటే చాలు."

అది దారిలో మాత్రమే కాపలా. సర్వర్ చేరగానే తాళం తీసి చదవాల్సిందే. వెబ్ సర్వర్ ప్రోగ్రాములైన అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ రెండూ వచ్చిన వెబ్ అడ్రసును ప్రశ్న గుర్తు తర్వాతి భాగంతో సహా లాగ్‌లో రాస్తాయి. లాగిన్ ఫారం పాస్‌వర్డ్‌ను అడ్రసులో తగిలించి పంపితే అది లాగ్‌లో పడుతుంది, బ్రౌజర్ హిస్టరీలోనూ మిగులుతుంది. అందుకే లాగిన్ ఎప్పుడూ, వివరాలు అడ్రసులో కాకుండా విడిగా వెళ్లే పోస్ట్ పద్ధతిలోనే పంపాలి. ఆ పోస్ట్ లోపలి సమాచారాన్ని లాగ్‌లో రాయించకూడదు.

3. "యూజర్‌నేమ్ గడిలో పొరపాటున పాస్‌వర్డ్ కొట్టినా ఫర్వాలేదు, మళ్లీ లాగిన్ అవ్వండి."

ప్రమాదం ఉంది. లినక్స్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్లేటప్పుడు ఇలా జరిగితే, అలాంటి యూజర్ లేడంటూ మీరు కొట్టిన అక్షరాలను లాగ్ రాసుకుంటుంది. కింది లైన్లలోనే అదే చోటు నుంచి మీ అసలు పేరుతో లాగిన్ అయినట్టు ఉంటుంది. పేరు, పాస్‌వర్డ్ రెండూ దొరికిపోయాయి. ఆ క్షణంలోనే పాస్‌వర్డ్ మార్చాలి.

4. "కమాండులోనే పాస్‌వర్డ్ రాసేస్తే పని త్వరగా అవుతుంది."

అది షెల్ హిస్టరీలో మిగులుతుంది. అడ్మిన్ అధికారంతో నడిపించే సుడోతో నడిపితే ఆ కమాండు మొత్తం సిస్టమ్ లాగ్‌కు ఎక్కుతుంది. పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్ అడిగినప్పుడే కొట్టండి. రాత్రిపూట తనంతట తాను నడిచే పనైతే, మీరొక్కరే చదవగలిగేలా అనుమతులు బిగించిన ఫైలులో పెట్టండి.

5. "పాస్‌వర్డ్ అనే పేరు కనబడిన చోటల్లా చుక్కలు పెడితే సరి."

ఒక డెవలపర్ ఆ గడికి పీడబ్ల్యూడీ అని పేరు పెడతాడు, ఇంకొకరు పిన్ అంటారు, మరొకరు టోకెన్ అంటారు. పేరు మారగానే వడపోత తప్పిపోతుంది. దాచాల్సినవి ఏరడం కన్నా రాయదగ్గవి ఏరడం మేలు. సమయం, యూజర్ నంబరు, ఫలితం వంటి నాలుగైదు గడులకే అనుమతివ్వండి, మిగతావేవీ లాగ్‌కు ఎక్కనివ్వకండి. రొయ్యల గుంటకు నీళ్లు పెట్టేటప్పుడు తూము దగ్గరే వల కడతారు. చెడ్డ చేప లోపలికి చేరాక గుంటంతా వెతకడం ఎంత కష్టమో రైతుకు తెలుసు.

6. "ఆ లైను చెరిపేయండి, లేదా లాగ్ రాయడమే ఆపేయండి."

చెరిపినంత మాత్రాన పోదు. పాత లాగ్ కాపీల్లో, బ్యాకప్‌లో, లాగ్‌లన్నీ పోగయ్యే మరో సర్వర్‌లో అదే లైను ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చాలి, తర్వాత కాపీలన్నిటిలోంచి తీయాలి, ఆపైన అది పడిన చోటు సరిచేయాలి. ఇక లాగ్ ఆపేస్తే, దొంగ వచ్చినా ఆనవాలు దొరకదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, భద్రతకు భంగం కలిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి.

ఈ ఆరు సలహాల్లోనూ ఉన్న లోపం ఒకటే: పాస్‌వర్డ్ లాగ్‌లో పడ్డాక ఏదో చేసుకోవచ్చులే అన్న ధీమా. అది పడకుండా చూడడమే అసలు పని. మీ సర్వర్‌లో పడుతోందో లేదో ఈ వారమే తేల్చుకోండి. పరీక్ష కోసం ఒక ఖాతా తెరిచి, ఇంకెక్కడా ఉండని వింత పాస్‌వర్డ్ పెట్టండి. ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పు పేరుతో లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ మర్చిపోయామని మార్చిచూడండి. తర్వాత సర్వర్‌లోని లాగ్‌లన్నిటిలో ఆ అక్షరాలు వెతకండి. ఒక్క చోట దొరికినా, మిమ్మల్ని నమ్మి పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతివాళ్లదీ అక్కడ ఉందని లెక్క. ఆ రోజు మిగతా పనులు ఆపి దాన్ని సరిచేయండి.